నూట పన్నెండో భాగం

ఆ మంగళవారం పొద్దున్న మేస్త్రి వేసుకున్న పథకంలో ఎక్కడా లోపం లేదు. భార్య ఆరూ నలభైకి స్కూలు బస్సెక్కుతుంది. ఆరూ నలభై రెండుకి అతను టీవీ ముందు కూర్చుంటాడు. భాగం నిడివి ఇరవై నాలుగు నిమిషాలు. చివర్లో ఏడుపొస్తుంది కాబట్టి మొహం కడుక్కోవడానికి మరో ఐదు నిమిషాలు. ఆ తర్వాత చొక్కా ఇస్త్రీ, కాఫీ, నడక. ఎనిమిదింటికల్లా క్లినిక్‌లో ఉంటాడు.

మేస్త్రి అంటే ఇళ్ళు కట్టే మేస్త్రి కాదు, పళ్ళు కట్టే మేస్త్రి. దంతవైద్యశాల వెనక గదిలో కూర్చుని, డాక్టరమ్మ పంపిన అచ్చుల్లో పింగాణీ పొడి తడిపి పోసి, కొలిమిలో కాల్చి, అరగదీసి, పక్క పన్నుకి అన్నదమ్ముడిలా ఉండే పన్నును తయారుచేస్తాడు. ఇరవై రెండేళ్ళుగా అదే పని. వయసు నలభై తొమ్మిది. తలలో సగం నెరిసింది. అలాంటి మనిషి రోజూ జపాన్ బొమ్మల సీరియల్ చూసి కళ్ళు తుడుచుకుంటాడని ప్రపంచంలో ఒక్క బావమరిదికి తప్ప ఎవరికీ తెలియదు. భార్య అతను వార్తలు చూస్తాడనుకుంటుంది. దేశం ఏమైపోతోందోనన్న బెంగతో కళ్ళు ఎర్రబడుతున్నాయేమోనని ఆవిడ ఒకటి రెండుసార్లు జాలిపడింది కూడా.

సీరియల్ పేరు "గడియారాల ఊరు". గడియారాలు బాగుచేసే ఒక పిల్ల, చిన్నప్పుడు తప్పిపోయిన అన్నను వెతుక్కుంటూ ఊరూరా తిరుగుతుంది. నూట పదకొండు భాగాలు తిరిగింది. నూట పన్నెండోది ఆఖరిది. అది ఆ ఉదయమే విడుదలైంది.

ఈ ఆనందంలో ఒకే ఒక్క పంటికింద రాయి ఉంది. ఈ సీరియల్ చూడాలంటే కంపెనీకి నెలనెలా చందా కట్టాలి. మేస్త్రి కట్టడం లేదు. మూడేళ్ళ కిందట బావమరిది ఎవరిదో ఖాతా, దాని పాస్‌వర్డూ తెచ్చి టీవీలో పెట్టి వెళ్ళాడు. అప్పట్నుంచీ అంతే. ప్రతి భాగం చివరా బొమ్మలు గీసినవాళ్ళ పేర్లు వందలకొద్దీ పైకి పాకుతుంటే మేస్త్రికి గుండెలో ముల్లు గుచ్చుకునేది. చేత్తో పనిచేసేవాడి సంగతి అతనికి తెలుసు. ఒకసారి ఒక పెద్దమనిషి పై వరసంతా కట్టించుకుని, డబ్బివ్వకుండా, ఆ పళ్ళతోనే అతన్ని చూసి నవ్వుతూ వెళ్ళిపోయాడు. ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా మేస్త్రి, 'ఎవరో ఒకరు కడుతూనే ఉన్నారు కదా' అని తనకు తాను సర్దిచెప్పుకునేవాడు.

భార్య బస్సెక్కింది. మేస్త్రి తలుపు గడియపెట్టి, టీవీ పెట్టి, తువ్వాలు ఒళ్ళో వేసుకుని బొత్తం నొక్కాడు. గడియారాల పిల్ల రాలేదు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి.

"ఈ టీవీ ఖాతాదారు ఇంటిది కాదని గమనించాం. చివర 41 అంకెలున్న ఖాతాదారు ఫోన్‌కు కోడ్ పంపాం. ఈ రోజులోగా ధ్రువీకరించనియెడల తగిన చర్య తీసుకోబడును."

మేస్త్రి మూడుసార్లు చదివాడు. మొదటి రెండు వాక్యాల్లో అతనికి పెద్ద భయం కనిపించలేదు. మూడో దాంట్లో "తగిన" అన్న మాట దగ్గర ఆగిపోయాడు. ఎవరికి తగిన? చూసినవాడికి తగినదా, చూసిన వయసుకి తగినదా?

కింద "మళ్ళీ పంపు" అని ఒక బొత్తం ఉంది. నొక్కాడు. "పంపాం" అంది తెర. ఏమీ రాలేదు. మళ్ళీ నొక్కాడు. ఎక్కడికి పంపుతోందో ఆలోచించే స్థితిలో లేడు. తలుపు తీయమని గట్టిగా కొట్టినట్టు నొక్కుతూ పోయాడు. తొమ్మిదోసారి నొక్కాక ఆగి, బావమరిదికి ఫోన్ చేశాడు.

బావమరిది లిఫ్టుల మెకానిక్. "బావా, పదో అంతస్తులో లిఫ్టు నెత్తిమీద నిలబడి ఉన్నాను. తొందరా?" అన్నాడు.

"ఒరే, ఆ బొమ్మల ఖాతా అసలు ఎవరిదిరా?"

"నాకు జిమ్ కోచ్ ఇచ్చాడు. ఆయనకెవరిచ్చారో! పైన ఎవరో మహానుభావుడు కడుతున్నాడు, మనం చల్లగా చూస్తున్నాం. ఏమైంది?"

మేస్త్రి తెరమీదది చదివి వినిపించాడు. అవతల తాడు కిర్రుమన్న చప్పుడు వినిపించింది.

"ఎంతమందిమి వాడుతున్నాంరా?"

"నువ్వూ, నేనూ, కోచ్, కోచ్ వాళ్ళ అక్క, ఆవిడ ఇద్దరల్లుళ్ళు... ఒక పదకొండు మందిమి ఉంటాం."

"చర్య అంటే ఏం చేస్తారు?"

"పోయిన నెల ఎవణ్ణో లోపల వేశారుట బావా. సినిమాలు కాపీ చేసి అమ్మినవాణ్ణి."

"మనం అమ్మలేదుగా?"

"అదే నేనూ అనుకుంటున్నాను. అమ్మితే రెండేళ్ళు. ఊరికే చూస్తే ఎన్నాళ్ళో కనుక్కోవాలి," అని బావమరిది ఫోన్ పెట్టేశాడు.

చొక్కా ఇస్త్రీ చేసుకోకుండానే మేస్త్రి బయల్దేరాడు. దారిలో ఎదురైన ప్రతి టోపీవాడూ తనకోసమే వస్తున్నట్టనిపించింది. వాళ్ళలో ఒకతను పోస్ట్‌మాన్.

క్లినిక్ హాల్లో సిబ్బందంతా వరసగా నిలబడి ఉన్నారు. మధ్యలో డాక్టరమ్మ. ఆవిడ సన్నగా, పొడుగ్గా, తెల్లకోటులో సున్నం వేసిన స్తంభంలా ఉంటుంది. పేషెంట్లు నోరు తెరవడానికి ఆవిడ చెప్పక్కర్లేదు, చూస్తే చాలు. అలాంటి మనిషి ఆ పొద్దున్న ఫోన్‌ని రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉంది.

"వచ్చారా మేస్త్రీ. మీరూ వినండి. నా బ్యాంకు ఖాతాలోకి ఎవరో చొరబడాలని చూస్తున్నారు. పొద్దున్న ఆరూ నలభై రెండు నుంచీ ఒకటే మెసేజ్‌లు. 'మీ ఖాతాను మరొకరు వాడుతున్నారు, ఇదిగో కోడ్' అంటూ. మొదటిది కాక ఇంకో తొమ్మిది వచ్చాయి."

నొక్కింది తొమ్మిదిసార్లని మేస్త్రికి లెక్క తెలుసు. మెల్లిగా జేబులోంచి ఫోన్ తీసి, డాక్టరమ్మ పేరు వెతికి, కింద నంబరు చూశాడు. చివర 41.

మూడేళ్ళుగా తను డాక్టరమ్మ సొమ్ముతో ఏడుస్తున్నాడన్నమాట!

"మీకేమైనా తెలుసా?" అని అడిగింది ఆవిడ, అతని మొహం చూసి.

ఆ క్షణంలో నిజం చెప్పేస్తే కథ ఇక్కడితో అయిపోయేది. చెబుదామనే నోరు తెరిచాడు. "కొలిమి వేడెక్కిందో లేదో చూసొస్తానండీ," అన్న మాటలు వచ్చాయి.

వెనక గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. బల్ల మీద ఆ రోజు చేయాల్సిన పని అచ్చుతో సహా సిద్ధంగా ఉంది. టీవీలో వార్తలు చదివే ఆవిడ ముందు పళ్ళు రెండు. నిన్న ఆవిడ బాత్రూమ్‌లో జారిపడింది. సాయంత్రం ఆరింటికి వార్తలు. పింగాణీ పొడి అయిపోయింది, పదింటికి కొత్త పార్సెల్ వస్తుంది. అది రాగానే పని మొదలుపెట్టాలి. ఈలోగా చేయాల్సింది ఒకటే, ఆ ఖాతాలో తన ఆనవాలు లేకుండా చెరిపేయడం.

ఫోన్‌లో ఆ కంపెనీ యాప్ దింపుకుని, పాస్‌వర్డ్ కొట్టి వెతికాడు. "అన్ని పరికరాలనూ తొలగించు" అని కనిపించింది. దేవుడిచ్చిన బొత్తంలా ఉంది. నొక్కాడు. "ఇందుకు ఖాతాదారుకు కోడ్ పంపాం" అని వచ్చింది.

ముందు హాల్లోంచి డాక్టరమ్మ కేక వినిపించింది: "పదకొండోది!"

మేస్త్రి చేతులు పిసుక్కున్నాడు. కింద "సహాయం కావాలా?" అని చిన్న అక్షరాలున్నాయి. ఆ సమయంలో అతనికి సహాయం కావాలా అని అడిగిన ప్రాణి అదొక్కటే. దాన్ని నొక్కి, "నేను ఈ ఖాతా వదిలేయాలనుకుంటున్నాను, ఎవరికీ మెసేజ్ పంపకండి," అని రాశాడు. "తప్పకుండా. మెసేజ్ పంపం. ఫోన్ చేస్తాం," అని జవాబొచ్చింది.

హాల్లో ఫోన్ మోగింది. డాక్టరమ్మ స్పీకర్ పెట్టినట్టుంది, యంత్రపు గొంతు వెనక గది దాకా ఖంగుమని వినిపించింది. "నమస్కారం. మీ ఖాతాలోకి ప్రవేశించేందుకు పలుమార్లు ప్రయత్నం జరిగింది. ప్రయత్నిస్తున్నది మీ కుటుంబ సభ్యులైతే ఒకటి నొక్కండి. అపరిచితులైతే రెండు నొక్కండి. వదిలి వెళ్ళదలుచుకుంటే మూడు..."

"వదిలి వెళ్ళడమేమిటి, బెదిరిస్తున్నాడా!" అంది డాక్టరమ్మ. ఏదీ నొక్కకుండా ఫోన్ కట్‌చేసి, ఎదురు వీధిలోని బ్యాంకుకి చేసింది. ఐదు నిమిషాల్లో క్లినిక్ ఖాతాలన్నీ స్తంభింపజేశారు.

ఆ రోజు ఒకటో తారీకు. పదకొండింటికి అందరికీ జీతాలు పడాలి. పడవని తేలిపోయింది. ఇంటద్దె కట్టాల్సినవాళ్ళు ఇంటద్దె గురించీ, అప్పిచ్చినవాళ్ళకి ఇవాళ ఇస్తానని మాటిచ్చినవాళ్ళు ఆ మాట గురించీ మెట్ల దగ్గర గుసగుసలాడుకున్నారు. పదింటికి పింగాణీ పార్సెల్ వచ్చింది. సొమ్ము ముడితేనే ఇస్తానన్నాడు తెచ్చినతను. కార్డు గీస్తే పనిచేయలేదు. పార్సెల్‌ని మళ్ళీ బండిలో పెట్టుకుని, పక్క వీధిలో టీ తాగుతూ రెండు గంటలు చూస్తాననీ, ఆ తర్వాత తన దారిన తను పోతాననీ చెప్పాడు.

వార్తలు చదివే ఆవిడ నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని వెనక గది గుమ్మంలోకి వచ్చింది. "మేఫ్త్రిగారూ, ఫాయంత్రం ఫరిగ్గా ఆరింటికి నేను ఫ్టూడియోలో ఉండాలి. ఫంగతేమిటి?"

"అయిపోతుందండీ," అన్నాడు మేస్త్రి. దేని గురించి అన్నాడో అతనికే తెలియదు.

ఇక్కడిదాకా అతను ఎలాగో తట్టుకున్నాడు. పదిన్నరకి బ్యాంకు అధికారిణి స్వయంగా వచ్చింది. చంకలో ఫైలు, ముక్కు మీద కళ్ళజోడు, మొహంలో ఎవరినీ నమ్మని శాంతం. డాక్టరమ్మ ఫోన్ చూసి, "ఇది తెలిసినవాళ్ళ పనే మేడమ్. మీ ఫోన్ ఈ మధ్య ఎవరి చేతికైనా ఇచ్చారా?" అంది.

డాక్టరమ్మ ఆలోచించింది. "నిన్న సాయంత్రం ఎక్స్‌రే అమ్మాయి ఫోన్‌లో చార్జ్ లేదని, ఇంటికి చేసుకోవడానికి అడిగితే ఇచ్చాను."

అందరూ ఎక్స్‌రే అమ్మాయి వైపు తిరిగారు. ఆ పిల్ల ఉద్యోగంలో చేరి పదిహేను రోజులైంది. ఇదే మొదటి జీతం. పేషెంట్లతో "కదలకండి, కదలకండి" అనడం తప్ప ఇంతవరకూ గట్టిగా ఒక మాట మాట్లాడింది లేదు.

"నేను అమ్మకి చేశానండీ. అంతే," అంది.

"అమ్మకి చేశావో, ఇంకెవరికి చేశావో పోలీసులొస్తే తేలుతుంది," అంది అధికారిణి. "పన్నెండింటికి ఫిర్యాదు రాసిద్దాం. అప్పటిదాకా నువ్వు బయటికి వెళ్ళకు."

ఆ పిల్ల ఎక్స్‌రే గది ముందు స్టూలు మీద కూర్చుంది. ఏడుస్తున్నట్టు ఎవరికీ తెలియకూడదని గోడ మీద వేలాడుతున్న దవడ బొమ్మని శ్రద్ధగా చూడసాగింది.

మేస్త్రి వెనక గది తలుపు సందులోంచి చూశాడు. లోపలికొచ్చి కూర్చున్నాడు. లేచాడు. మైనం ముక్క చేతిలోకి తీసుకుని నలిపాడు, అది పన్ను ఆకారంలోకి వచ్చింది. మళ్ళీ నలిపాడు. ఉద్యోగం పోతే పోయింది, భార్య మొహం ఎలా చూడాలి? ఆవిడ లెక్కల టీచరు. పిల్లలు పక్కవాడి పలకలో చూసి రాస్తేనే ఒప్పుకోదు. ఇన్నేళ్ళుగా మొగుడు పక్కవాళ్ళ టీవీలో చూస్తున్నాడంటే ఏమంటుంది? అటు ఆ పిల్ల ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. మైనం బల్ల మీద పడేసి బయటికి నడిచాడు.

"డాక్టరమ్మగారూ, ఆ అమ్మాయికేం తెలియదండీ. మీ ఖాతా వాడుకుంటున్నది నేను."

వార్తలు చదివే ఆవిడ చేతిరుమాలు కిందికి జారింది.

"మీరా మేస్త్రీ!" అంది డాక్టరమ్మ. "ఎప్పట్నుంచి?"

"మూడేళ్ళ నుంచండీ."

అధికారిణి కలం తీసింది. "ఒక్కరేనా?"

"నేనూ, మా బావమరిదీ, జిమ్ కోచ్, వాళ్ళ అక్క, ఆవిడ అల్లుళ్ళూ... మొత్తం పదకొండు మందిమి."

"ముఠా," అని రాసుకుంది అధికారిణి. "పాస్‌వర్డ్ ఎవరిచ్చారు?"

"ఒకరికొకరం ఇచ్చుకున్నామండీ. దాచుకోలేదు."

"ఇంతవరకూ ఎంత తీశారు?"

"తీయడమేముందండీ! చూశాం. చూసి వచ్చేశాం."

"సరే, ఎంత చూశారు?"

"నూట పదకొండు."

"లక్షలా?" అంటూ డాక్టరమ్మ పేషెంట్ల కుర్చీలో కూలబడింది.

"భాగాలండీ."

"ఓహో, భాగాలు కూడా వేసుకున్నారా!" అంది అధికారిణి. "అందులో మీ భాగమెంత?"

"నేను అన్నీ చూశానండీ. ఒక్కటి మిగిలింది. అది ఇవాళ పొద్దున్న చూద్దామనుకుంటే కోడ్ అడిగింది."

"అంటే ఆఖరి భాగం కూడా ఊడ్చుకుపోదామని వచ్చి పట్టుబడ్డారు!"

"మా బావమరిది ఇంకా తొంభయ్యోదగ్గరే ఉన్నాడండీ," అన్నాడు మేస్త్రి. అబద్ధం చెప్పడం ఎలాగూ మానేశాడు కాబట్టి పూర్తి నిజం చెప్పేద్దామనుకున్నాడు. "వాడికి పని ఎక్కువ."

డాక్టరమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇరవై రెండేళ్ళు మేస్త్రీ! బంగారం తొడుగుల డబ్బా తాళం కూడా మీ దగ్గరే ఉంచాను. డబ్బు కావలసివస్తే నన్నడగకూడదా? అసలు ఏం చేశారు అదంతా?"

మేస్త్రి తలొంచుకున్నాడు. "ఏడ్చానండీ," అన్నాడు. "ముఖ్యంగా నలభై మూడో భాగంలో. ఆ పిల్ల రైలు తప్పిపోయినప్పుడు."

"ఏ పిల్ల?" అంది అధికారిణి, కలం ఆపి. "పిల్లని కూడా ఎత్తుకొచ్చారా?"

స్టూలు మీద ఎక్స్‌రే అమ్మాయి తలెత్తింది. చెంపలు తడిగానే ఉన్నాయి కానీ గొంతు ఈసారి బయటికి వచ్చింది. "మేడమ్, ఆయన చెబుతున్నది బ్యాంకు ఖాతా కాదండీ. బొమ్మల సీరియల్ ఖాతా. 'గడియారాల ఊరు'. ఇవాళ ఆఖరి భాగం వచ్చింది."

అర్థమవడానికి అందరికీ కొంచెం సమయం పట్టింది. ఆ పిల్ల మెసేజ్ పైన ఉన్న అర్థంకాని అక్షరాలు చూపించి, అది ఆ కంపెనీ పేరేననీ, ఒకే ఖాతాను నాలుగిళ్ళలో వాడితే ఇలా కోడ్ అడుగుతారనీ వివరించింది. అధికారిణి "ముఠా" అన్న మాటను కొట్టేసి, దాని మీద సున్నా చుట్టింది.

"నీకివన్నీ ఎలా తెలుసు?" అంది డాక్టరమ్మ.

"నేనూ చూస్తానండీ. నెలనెలా కట్టి. గీసేవాళ్ళకీ జీతాలుండాలి కదండీ," అంది ఆ పిల్ల. తన జీతమే ఇంకా అందుకోని మనిషి ఆ మాట అనేసరికి మేస్త్రికి భూమి చీలితే బాగుండుననిపించింది.

డాక్టరమ్మ ఊపిరి పీల్చుకుంది. వెంటనే మళ్ళీ నుదురు ముడిచింది. "బాగానే ఉంది. కానీ నేను బొమ్మల సీరియళ్ళకి డబ్బు కట్టడమేమిటి? ఇంట్లో టీవీయే లేదు నాకు."

"నంబరు మీదే కదండీ. చివర నలభై ఒకటి," అన్నాడు మేస్త్రి.

"కోడ్ మీ ఫోన్‌లోనే ఉందిగా. లోపలికెళ్ళి చూస్తే ఖాతాదారెవరో తెలుస్తుంది," అంది అధికారిణి. మేస్త్రి ఫోన్‌లో యాప్ తెరిచారు. డాక్టరమ్మ ఫోన్‌కి పన్నెండో కోడ్ వచ్చింది. ఎక్స్‌రే అమ్మాయి అంకెలు కొట్టింది. తలుపు తెరుచుకున్నట్టు పేజీ తెరుచుకుంది. ధ్రువీకరించినందుకు ధన్యవాదాలనీ, ఇకపై ఈ ఖాతాకు ఏ ఆటంకమూ ఉండదనీ రాసి ఉంది. దాని కింద ఖాతాదారు పేరు.

అధికారిణి పైకి చదివింది. ఇంటిపేరుతో సహా చదివింది.

అది మేస్త్రి పేరు.

"పొరపాటు," అన్నాడు మేస్త్రి.

"డబ్బు పోతున్న కార్డు చివరి నాలుగంకెలు ఇవీ," అని అధికారిణి అవి కూడా చదివింది. మేస్త్రి పర్సులోంచి తన కార్డు తీశాడు. అవే నాలుగంకెలు, అదే వరసలో ఉన్నాయి. మొదలుపెట్టిన తేదీ నాలుగేళ్ళ కిందటిది.

"ఆగండాగండి," అంది డాక్టరమ్మ, తన ఫోన్‌ని తిప్పి చూసుకుంటూ. "ఈ సిమ్ము క్లినిక్‌దే. నాలుగేళ్ళ కిందట మీ అందరికీ తలొకటి ఇచ్చాను. ఏడాది తిరక్కుండా ఖర్చెక్కువైందని వెనక్కి తీసుకుని డబ్బాలో వేశాం. నా పాత సిమ్ము పాడైనప్పుడు డబ్బాలో పైనున్నది తీసి వేసుకున్నాను. అంటే ఇది అప్పట్లో మీ నంబరన్నమాట."

తన నంబరు తనకెందుకు గుర్తుంటుంది? తనకు తాను ఎప్పుడూ ఫోన్ చేసుకోలేదు. మేస్త్రి మళ్ళీ బావమరిదికి చేశాడు.

"నాలుగేళ్ళ కిందట నాకు జ్వరమొచ్చి మంచాన పడ్డప్పుడు, ఒక నెల ఉచితమని ఏదో పెట్టావు, గుర్తుందిరా?"

"ఉంది బావా. నీ కార్డు పెట్టి నేనే తెరిచాను. నెల కాగానే ఆపెయ్యమన్నావు, ఆపేశాను."

"ఎలా ఆపావు?"

"ఎలా ఏముంది? నీ ఫోన్‌లోంచి యాప్ తీసేశాను."

మేస్త్రి కళ్ళు మూసుకున్నాడు. "ఆ నెలలో పాస్‌వర్డ్ ఎవరికైనా ఇచ్చావా?"

"ఒక్క కోచ్‌కే ఇచ్చాను," అని బావమరిది ఆగాడు. అవతల లిఫ్టు ఏదో అంతస్తులో దిగబడ్డ చప్పుడైంది. "అందుకా బావా! ఏడాది తర్వాత ఆయన నాకిచ్చిన పాస్‌వర్డ్ అచ్చం నేను పెట్టేలాంటిదే. ఊళ్ళో నాలాంటి తెలివైనవాడు ఇంకొకడున్నాడని ఎంత సంతోషించానో!"

"మొత్తానికి," అంది అధికారిణి ఫైలు మూస్తూ, "మీ సొమ్ము మీరే దొంగతనంగా వాడుకున్నారు. దీనికి మా దగ్గర కాయితం లేదు." ఎక్స్‌రే అమ్మాయి దగ్గరికెళ్ళి క్షమాపణలాంటి ఒక దగ్గు దగ్గి, బ్యాంకుకెళ్ళి ఖాతాలు మళ్ళీ తెరిపించింది. జీతాలు పన్నెండింటికి పడ్డాయి. పక్క వీధిలో మూడో టీ తాగుతున్న పార్సెల్ అతన్ని పరుగెత్తి పట్టుకొచ్చారు. మేస్త్రి భోజనం మానేసి, ఇరవై రెండేళ్ళ పనితనమంతా రెండు పళ్ళలో పెట్టాడు. నాలుగున్నరకి వార్తలు చదివే ఆవిడ అద్దంలో చూసుకుని, "సాయంత్రం సరిగ్గా ఆరింటికి స్టూడియోలో," అని మూడుసార్లు అనుకుని మురిసిపోతూ వెళ్ళింది.

మేస్త్రి ఎక్స్‌రే గది ముందు ఆగాడు. "నా మూలాన నిన్ను ఏడిపించారు తల్లీ. ముందే చెప్పి ఉండాల్సింది. భయపడ్డాను."

"చెప్పారుగా అంకుల్," అంది ఆ పిల్ల. "నేనైతే పన్నెండు దాకా ఆగేదాన్నేమో."

ఇక మిగిలింది ఇల్లు. దారిపొడుగునా మేస్త్రి రెండు ముక్కలుగా నడిచాడు. ఒక ముక్కకి తేలిగ్గా ఉంది. ఆ పేర్లవాళ్ళందరికీ నాలుగేళ్ళుగా తన చేతి సొమ్ము ముడుతూనే ఉంది! రెండో ముక్కకి భార్య కళ్ళజోడు కనిపిస్తోంది. ఇంటి లెక్కలన్నీ చూసేది ఆవిడే. నాలుగేళ్ళుగా నెలనెలా డబ్బు పోతుంటే ఎందుకడగలేదు?

ఆవిడ కాఫీ కలుపుతుంటే అతనే అడిగాడు.

"అదా?" అందావిడ. ఎన్నడూ లేంది కొంచెం సిగ్గుపడింది. "బ్యాంకు చీటీలో ఏదో పరాయి భాష పేరు, చివర 'హోమ్' అని ఉంటుందండీ. ఏ అనాథ పిల్లల హోముకో ఇస్తున్నారనుకున్నాను. మీరు బయటికి చెప్పుకోవడం లేదు కదా అని నేనూ అడగలేదు. ఆ పద్దు ధర్మం కింద రాస్తున్నాను. స్టాఫ్‌రూమ్‌లో అందరికీ చెప్పాను కూడా, మా ఆయన అలాంటి మనిషని."

పొద్దున్నుంచీ పడిన భయాలన్నీ ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు. మేస్త్రి కాఫీ గ్లాసు కింద పెట్టి మొత్తం చెప్పేశాడు. జ్వరం, యాప్, కోచ్, డాక్టరమ్మ, ఎక్స్‌రే అమ్మాయి, గడియారాల పిల్ల, వార్తలు కాని వార్తలు, అన్నీ చెప్పాడు. ఆవిడ మధ్యలో అడ్డు రాలేదు. లెక్క పూర్తయ్యేదాకా మార్కులు వేయడం ఆవిడకి అలవాటు లేదు.

"ఎంతమంది చూస్తున్నారన్నారు?" అంది చివరికి.

"పదకొండు మంది."

"వాళ్ళలో అనాథలెవరైనా ఉన్నారా?"

"మీ తమ్ముడున్నాడు."

ఆవిడ పెదాలు బిగబట్టింది. కాసేపు బిగబట్టి ఉంచింది. తర్వాత ఆపుకోలేక నవ్వింది. గోడకి చేరగిలబడి, కళ్ళజోడు తీసి, కొంగుతో కళ్ళొత్తుకునేదాకా నవ్వింది. "పదండి," అంది. "నాలుగేళ్ళు దేనికి ధర్మం చేశామో నేనూ చూడాలిగా. ఆ పిల్లకి అన్న దొరుకుతాడా లేదా?"

ఇద్దరూ టీవీ ముందు కూర్చున్నారు. జీవితంలో మొదటిసారి మేస్త్రి తలుపు తీసే ఉంచి, ఖాతాదారు హోదాలో, వీపు నిటారుగా పెట్టి బొత్తం నొక్కాడు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి. ఈ ఖాతాలో ఒకేసారి నలుగురు మాత్రమే చూడగలరనీ, ప్రస్తుతం నలుగురూ చూస్తున్నారనీ, దయచేసి కాసేపాగి ప్రయత్నించమనీ వాటి సారాంశం. బావమరిదికి ఫోన్ చేస్తే తీయలేదు. కోచ్ తీసి, ఆఖరి భాగం మొదలైందనీ, తర్వాత మాట్లాడతాననీ చెప్పి పెట్టేశాడు.

"పాస్‌వర్డ్ మార్చేయనా?" అన్నాడు మేస్త్రి.

"చూస్తున్నవాళ్ళని మధ్యలో లేపేస్తారా? పాపం, ఆఖరిదట," అంది భార్య. "వాళ్ళవన్నీ అయ్యాక మార్చండి."

వాళ్ళవన్నీ అయ్యేసరికి గురువారమైంది.